రఫ్‌కీ ఫెయిర్‌కీ మధ్యన ఏం చేయించాలి?

ప్రశ్న: తొమ్మిదో తరగతికి తెలుగు చెబుతున్నాను. క్లాసులో 42 మంది. వ్యాసం రాయించి, పొద్దుపోయేదాకా కూర్చుని ఎర్ర పెన్నుతో దిద్ది, "సరిచేసి మళ్ళీ రాసుకు రండి" అని ఇస్తాను. నేను దిద్దినవి మాత్రం మార్చి, మిగతాదంతా పొల్లుపోకుండా అందంగా ఎక్కించి తెస్తారు. అక్షరదోషాలు తగ్గుతాయి గానీ వ్యాసం ఎక్కడిదక్కడే ఉంటుంది. తమ రాతను తామే చూసుకుని బాగుచేసుకోవడం క్లాసులో ఎలా నేర్పాలి? వారానికి ఒక పీరియడ్‌కి మించి దీనికి ఇవ్వలేను.

సమాధానం:

టీచర్ గారూ,

మీ పిల్లలు మొండికేయడం లేదు, బద్ధకించడమూ లేదు. మీరు చెప్పిన పని తు.చ. తప్పకుండా చేస్తున్నారు. తప్పు ఎక్కడుందో మీ ఎర్ర పెన్ను వెతికి పెట్టింది. అది ఏ రకం తప్పో చెప్పింది. చాలాచోట్ల సరైన మాట పైన రాసి కూడా ఇచ్చేసింది. ఇక వాళ్ళకి మిగిలింది ఎక్కించడమే. రాతను సవరించుకోవడంలో మూడు పనులుంటాయని కార్ల్ బెరైటర్, మార్లిన్ స్కార్డమాలియా అనే పరిశోధకులు 1980లలో విడదీసి చూపించారు. తను చెప్పదలుచుకున్నదాన్నీ కాగితం మీదున్నదాన్నీ పోల్చి చూసుకోవడం మొదటిది. తేడా ఎందుకొచ్చిందో కనిపెట్టడం రెండోది. దాన్ని సరిచేయడం మూడోది. మొదటి రెండూ టీచరే చేసి ఇస్తుంటే పిల్లలకి అవి ఎన్నేళ్ళయినా పట్టుబడవు.

వాళ్ళంతట వాళ్ళని వదిలేసినా మాటల దగ్గరే ఆగిపోతారు. 1980లో నాన్సీ సోమర్స్ అనే పరిశోధకురాలు 20 మంది కాలేజీ విద్యార్థుల్నీ, 20 మంది చేయి తిరిగిన రచయితల్నీ తీసుకుని, ఒక్కొక్కరి చేత మూడేసి వ్యాసాలు రాయించి, ఒక్కోదాన్ని రెండేసి సార్లు తిరగరాయించి చూశారు. విద్యార్థులు ఒక మాట కొట్టేసి ఇంకో మాట పెట్టారు. ఒకే మాట పదేపదే రాకుండా చూసుకున్నారు. వాళ్ళ దృష్టిలో తిరగరాయడమంటే చాలావరకు అదే. రచయితలు మాత్రం అసలు నేను చెబుతున్నదేమిటి, చదివేవాళ్ళకి ఇది ఈ వరసలో అందుతుందా అని చూసుకుంటూ వాక్యాలు చేర్చారు, తీసేశారు, చోటు మార్చారు. కాలేజీకి వచ్చినవాళ్ళ సంగతే అది. తొమ్మిదో తరగతి పిల్లలు ఎవరూ చూపించకుండా అంతకన్నా ఎక్కువ చేస్తారని ఆశించలేం.

అందుకని ముందు రెండు పనుల్ని విడదీయండి. విషయాన్ని సవరించడం ఒక పీరియడ్‌లో, తప్పులు దిద్దడం ఇంకో పీరియడ్‌లో. మొదటిది అయ్యేదాకా రెండో దాని జోలికి వెళ్ళొద్దు. రేపు కొట్టేయబోయే వాక్యంలో ఈరోజు ఒత్తులు సరిచేయించడం వృథా శ్రమ. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఏమిటంటే, ఒకసారి కష్టపడి సరిదిద్దుకున్న వాక్యాన్ని తీసేయడానికి పిల్లలకి మనసొప్పదు.

రఫ్ కాగితం ఎలా ఉండాలో మొదటి రోజే చెప్పేయండి. చిన్న సంగతిలా అనిపిస్తుంది గానీ సగం పని ఇక్కడే తేలిపోతుంది. లైను విడిచి లైను రాయాలి. కాగితానికి ఒక వైపే రాయాలి, రెండో వైపు ఖాళీగా ఉండాలి. ఎడమ పక్క మార్జిన్ నాలుగు వేళ్ళ వెడల్పు వదలాలి. పెన్నుతోనే రాయాలి, రబ్బరు వాడకూడదు. వద్దనుకున్నదాని మీద ఒకే గీత గీయాలి, కిందిది చదవడానికి వీలుగా ఉండాలి. చేర్చేదుంటే హంసపాదం పెట్టి పై లైనులో రాయాలి, అక్కడ పట్టకపోతే వెనక వైపు రాసి నంబరు వేయాలి. మార్పులన్నీ వేరే రంగు సిరాతో చేయాలి. చోటు లేని కాగితం మీద ఎవరూ పెద్ద మార్పు చేయరు. కిక్కిరిసిన పేజీలో ఒక మాట మార్చడానికి మాత్రమే జాగా ఉంటుంది, పిల్లలు చేసేదీ అదే.

రఫ్ రాసిన రోజే సవరణ పెట్టకండి. కనీసం రెండు రోజులు ఎడం ఉంచండి. రాసిన వెంటనే చదివితే కాగితం మీదున్నదానికి బదులు మనసులో ఉన్నది కనిపిస్తుంది. వదిలేసిన మాటలు కూడా ఉన్నట్టే వినిపిస్తాయి. ఈ రెండు రోజులూ నోటుబుక్కులు మీ దగ్గర ఉంచుకోండి, ఇంటికి పంపితే ఫెయిర్ చేసి తెచ్చేస్తారు.

ఇక అసలు పాఠం. సవరించడం అంటే ఏమిటో పిల్లలు చూసి ఉండరు. వాళ్ళకి కనిపించేవన్నీ పూర్తయిన పాఠాలే. కొట్టివేతలు, బాణాలు ఉన్న పేజీ ఎలా ఉంటుందో ఎవరూ చూపించరు. కాబట్టి మొదటి పీరియడ్ మొత్తం బోర్డు మీద మీరే చేసి చూపించాలి, ఆలోచన పైకి వినిపించేలా. క్లాసులో ఎవరి వ్యాసాన్నీ ఇందుకు వాడకండి, పేరు దాచినా చేతిరాతో సంగతులో పట్టిచ్చేస్తాయి. మీరే ఒకటి రాసుకెళ్ళండి. ఇదిగో, విహారయాత్ర మీద ప్రతి క్లాసులోనూ వచ్చే రకం:

"ఉదయం ఐదు గంటలకు లేచాను. పళ్ళు తోముకుని, స్నానం చేసి, కొత్త బట్టలు వేసుకున్నాను. అమ్మ డబ్బా కట్టి ఇచ్చింది. ఆరు గంటలకు బస్సు ఎక్కాం. అందరం పాటలు పాడుకున్నాం. దారిలో బస్సు చెడిపోయింది. తర్వాత బాగైంది. పదకొండు గంటలకు జంతుప్రదర్శనశాలకు చేరాం. అక్కడ పులిని, సింహాన్ని, ఏనుగును చూశాం. భోజనం చేశాం. సాయంత్రం తిరిగి వచ్చాం. ఆ రోజు చాలా ఆనందంగా గడిచింది. ఆ రోజును ఎప్పటికీ మరువలేను."

పదమూడు వాక్యాలు, ఒక్క అక్షరదోషం లేదు. ఎర్ర పెన్ను పట్టుకుంటే దీనికి 'గుడ్' అని రాసి పక్కన పెట్టాలి. అయినా ఇది చదివినవాళ్ళకి ఏమీ మిగలదు. వాక్యాలకు నంబర్లు వేయండి. తర్వాత క్లాసుని ఒక్క ప్రశ్న అడగండి: "ఇందులో మీకు ఇంకా తెలుసుకోవాలని ఎక్కడ అనిపించింది?" దాదాపుగా అందరూ ఆరో వాక్యం దగ్గరికే వస్తారు. "సరే, ఏం తెలుసుకోవాలి?" అంటే ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. ఎక్కడ ఆగింది? ఎంతసేపు? డ్రైవర్ ఏం చేశాడు? పాటలు పాడుతున్నవాళ్ళు ఆపేశారా? అప్పుడు మీరు పైకే ఆలోచించండి: "ఈ బస్సు సంగతే చెప్పాలనుకుంటే నేను పళ్ళు తోముకోవడం ఎవరికి కావాలి?" అంటూ మొదటి మూడు వాక్యాల మీద గీత గీసేయండి. క్లాసు ఒక్కసారి కదులుతుంది, ఎందుకంటే టీచరు మూడు మంచి వాక్యాలు కొట్టేయడం వాళ్ళు చూసి ఉండరు. ఆరో వాక్యం చోట కొత్తగా రాయండి:

"గంటసేపు నడిచాక బస్సు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. పాట మధ్యలోనే తెగిపోయింది. డ్రైవర్ దిగి, బానెట్ ఎత్తి, కాసేపు చూసి, మళ్ళీ దించేశాడు. మొదటి పది నిమిషాలు మాకు సరదాగానే ఉంది. ఎండ ముదిరేకొద్దీ ఒక్కొక్కరే చెట్టు కిందికి చేరారు. 'ఇవాళ్టికి ఇక్కడే జూ చూసుకోవాలి' అన్నాడు వెనక సీటులో వాడు. ఎవరూ నవ్వలేదు."

ఇక్కడితో ఆపకండి. అక్కణ్ణుంచి కిందికి మళ్ళీ చదవమనండి. పన్నెండో వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు పట్టుకుంటారు: "టీచర్, 'చాలా ఆనందంగా గడిచింది' అంటే ఇప్పుడు కుదరదు కదా." పీరియడ్ మొత్తానికి ముఖ్యమైన క్షణం ఇదే. ఒకచోట మారిస్తే ఇంకోచోట అతకకుండా పోతుందని, దాన్ని సరిచూసుకోవాలని పిల్లలు స్వయంగా కనిపెట్టాలి. ఆ వాక్యాన్ని ఏం చేయాలో మీరు చెప్పకండి. నలుగురి చేత నాలుగు రకాలుగా చెప్పించి బోర్డు మీద పక్కపక్కన రాయండి.

పిల్లలకి చేతికి అందాల్సిన పనులు నాలుగే: తీసేయడం, చేర్చడం, జరపడం, మార్చడం. నాలుగోది వాళ్ళకి వచ్చు. దాని మీద సమయం పెట్టకండి. మిగతా మూడూ వారానికొకటి చొప్పున నేర్పండి. ఒక పీరియడ్‌లో ఒకటే.

తీసేయడంతో మొదలుపెట్టడం మేలు, కొత్తగా రాయాల్సిన పని ఉండదు కాబట్టి. కానీ పేజీలు నిండితే మార్కులు పడతాయని నమ్మే పిల్లలకి ఇది ప్రాణాంతకంగా ఉంటుంది. "వ్యాసం చిన్నదైనందుకు మార్కు తగ్గించను" అని ముందే మాటివ్వండి, ఇచ్చిన మాట నిలబెట్టుకోండి. మొదటి పనిగా మొదటి పేరా చూపించండి. చాలామంది రఫ్‌లో మొదటి నాలుగైదు వాక్యాలు ఊపు తెచ్చుకోవడానికి రాసుకున్నవే అయి ఉంటాయి. వాటిని చేత్తో మూసి, తర్వాతి వాక్యం నుంచి చదవమనండి. అర్థం చెడకపోతే తీసేయొచ్చు.

చేర్చడంలో ఒకే షరతు పెట్టండి: ఒక్క చోటే, కనీసం ఐదు వాక్యాలు. ఈ షరతు లేకపోతే ప్రతి వాక్యంలో ఒక విశేషణం చేరుస్తారు. 'పులిని చూశాం' కాస్తా 'భయంకరమైన, అందమైన, గొప్ప పులిని చూశాం' అవుతుంది. 'వివరంగా రాయండి' అని మనం అన్నప్పుడల్లా జరిగేది ఇదే. విశేషణం చేరిస్తే వివరం చేరినట్టు కాదని బోర్డు మీద చూపించండి. పులి ఏం చేస్తోంది, కంచెకి ఎంత దూరంలో ఉంది, అది మనవైపు చూసిందా లేదా, ఇలాంటివి రాస్తే 'భయంకరమైన' అన్న మాటతో పనుండదు.

జరపడం నేర్పడానికి కత్తెర కావాలి. కాగితానికి ఒక వైపే రాయించింది ఇందుకే. పేరాలు కత్తిరించి, బెంచీ మీద పరిచి, రెండు మూడు వరసల్లో పెట్టి చదివి చూసి, నచ్చిన వరసలో ఇంకో కాగితం మీద అతికించాలి. పెన్నుతో బాణాలు గీయమంటే ఎవరూ ముందుకు రారు. కాగితం ముక్కలు చేతిలో ఉంటే ప్రతివాళ్ళూ జరిపి చూస్తారు.

అభిప్రాయం చెప్పే వ్యాసాలకైతే కత్తెర కన్నా ముందు ఇంకో పని పెట్టండి. 'లైబ్రరీ సాయంత్రం కూడా తెరిచి ఉంచాలి' అన్నది విషయం అనుకోండి. పూర్తయిన రఫ్‌లో ప్రతి పేరా పక్కన మార్జిన్‌లో నాలుగు మాటల్లో ఆ పేరా ఏం చెబుతోందో రాయించండి. ఒక వ్యాసం మార్జిన్‌లో ఇలా తేలిందనుకుందాం: పుస్తకాలు మంచి నేస్తాలు, చదివితే జ్ఞానం పెరుగుతుంది, సాయంత్రం ఖాళీ ఉంటుంది, పుస్తకాల వల్ల విజ్ఞానం, కాబట్టి తెరవాలి. రెండో పేరా, నాలుగో పేరా ఒకటేనని రాసినవాడికే కనబడుతుంది. మొదటిది లైబ్రరీ వేళలకి సంబంధించింది కాదని కూడా. అసలు వాదన మూడో పేరాలో ఉంది, అది రెండు వాక్యాలే ఉంది. తాళం ఎవరు వేస్తారు, ఆ గంటసేపు ఎవరు కూర్చుంటారు అన్న ఎదుటివాళ్ళ ప్రశ్నకి జవాబే లేదు. ఇవన్నీ టీచరు చెబితే తప్పులు పట్టినట్టుంటుంది, మార్జిన్ చెబితే రాసినవాళ్ళే ముందుకొచ్చి మారుస్తారు. ఏ పేరా పక్కన నాలుగు మాటలు రాయడానికి తోచలేదో ఆ పేరాలో సరుకు లేదని లెక్క.

మీ వారపు పీరియడ్ 45 నిమిషాలనుకుంటే, మొదటి పాఠం తర్వాత ఇలా సర్దవచ్చు. పుస్తకాలు పంచడానికి 5 నిమిషాలు. ఆ వారం నేర్పే ఒక్క పనినీ బోర్డు మీద చేసి చూపించడానికి 8. ఎవరి రఫ్‌ను వాళ్ళు పెదవి కదిపి, తమకు తాము వినిపించేంత గొంతుతో చదువుకోవడానికి 5. ఈ ఐదు నిమిషాలూ క్లాసు తేనెపట్టులా హోరెత్తుతుంది, పట్టించుకోకండి. కళ్ళతో చదివితే జారిపోయేవి నోటితో చదివితే తగులుతాయి. తర్వాత 15 నిమిషాలు రాత, ఎవరూ మాట్లాడకుండా. 7 నిమిషాలు జతలో. చివరి 5 నిమిషాల్లో పేజీ కింద రెండు వాక్యాలు: ఏం మార్చాను, ఎందుకు మార్చాను.

జతల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువ క్లాసుల్లో చెడిపోయేది ఇక్కడే. స్టీవ్ గ్రాహం, డొలొరెస్ పెరిన్ 2007లో నాలుగు నుంచి పన్నెండో తరగతి దాకా రాత బోధన మీద వచ్చిన అధ్యయనాల్ని కలిపి లెక్కకట్టినప్పుడు, ప్రణాళిక వేసుకునే, సవరించుకునే పద్ధతుల్ని విడమరిచి నేర్పడం బాగా పనిచేసే వాటిలో ముందు నిలిచింది. పిల్లలు కలిసి పనిచేయడం దానికి దగ్గరలోనే ఉంది. వ్యాకరణాన్ని విడిగా పాఠంగా చెప్పడం మాత్రం రాతను మెరుగుపరచలేదు. కానీ "ఒకరిది ఒకరు చూసి సలహాలివ్వండి" అని వదిలేస్తే వచ్చేవి రెండే. స్నేహితులైతే 'బాగుంది', కాకపోతే అక్షరదోషాల వేట. అందుకని చదివేవాళ్ళకి మూడు పనులే ఇవ్వండి. చదివాక కాగితం మూసేసి, 'నాకు అర్థమైంది ఇది' అని ఒక్క వాక్యంలో చెప్పాలి. ఇంకా తెలుసుకోవాలనిపించిన ఒక చోట పెన్సిల్‌తో గీత గీయాలి. ఆగిపోయిన చోట ప్రశ్నార్థకం పెట్టాలి. సలహా ఇవ్వకూడదు, తప్పు దిద్దకూడదు. రాసినవాళ్ళు ఆ సమయంలో నోరు విప్పకూడదు. 'అది కాదురా, నా ఉద్దేశం...' అని వివరించడం మొదలైందంటే ఆ వివరణ కాగితంలోకి రాదు, గాలిలో పోతుంది. 'ఇప్పుడు చెప్పబోయావే, అది అక్కడ రాయి' అని పట్టుకోండి.

అందరికన్నా బాగా రాసేవాళ్ళని అందరికన్నా వెనకబడ్డవాళ్ళతో జత చేయకండి. మొదటివాళ్ళు మాస్టారై కూర్చుంటారు, రెండోవాళ్ళు వాళ్ళ వాక్యాల్ని ఎక్కించుకుంటారు. దగ్గర దగ్గర స్థాయి వాళ్ళు కలిస్తే ఇద్దరికీ పని ఉంటుంది. మీ 42 మందిని 21 జతలుగా చేసి, నెల దాకా మార్చకండి. ఎవరైనా రాకపోతే ముగ్గుర్ని కలపండి.

ఇక మీ ఎర్ర పెన్ను. ఒక్కో పుస్తకానికి ఎనిమిది నిమిషాలు పడుతుందనుకున్నా 42 పుస్తకాలకి 336 నిమిషాలు, అంటే ఐదున్నర గంటల పైమాటే. రఫ్ దశలో దిద్దడం మానేయండి. చదివి, రెండు వాక్యాలకు మించకుండా, విషయం మీద మాత్రమే రాయండి. మూడు నిమిషాల్లో అయిపోతుంది. రోజుకి ఏడు పుస్తకాల చొప్పున ఆరు రోజులు, రోజుకి ఇరవై నిమిషాలు. 'ఇంకా బాగా రాయాలి', 'భావం స్పష్టంగా లేదు' అన్నవి రాయడం వృథా. ఏం చేయాలో అందులో లేదు. "ఆరో వాక్యం దగ్గర ఆగాలనిపించింది. బస్సు ఆగినప్పుడు నువ్వు ఎక్కడున్నావు, ఏం చూశావు?" అని అడిగితే ఆ పిల్లవాడు ఏం చేయాలో అందులోనే ఉంది. ఆ జవాబు అతనికే తెలుసు కాబట్టి మీరు రాసిపెట్టలేరు కూడా.

రఫ్ మీద మార్కు వేయొద్దు. రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన అధ్యయనంలో వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న పిల్లలు తర్వాతి పనిలో మెరుగుపడ్డారు. మార్కూ వ్యాఖ్యా రెండూ అందుకున్నవాళ్ళ తీరు మార్కు మాత్రమే అందుకున్నవాళ్ళ లాగే ఉంది. మార్కు కనబడగానే వ్యాఖ్య చదవడం ఆగిపోతుందని ప్రతి టీచరుకూ తెలిసిందే. మార్కు అంటే తీర్పు వచ్చేసినట్టు. తీర్పు వచ్చాక కేసు మళ్ళీ ఎవరు తెరుస్తారు?

చివరి ప్రతికి మాత్రం మార్కులు వేయాలి, అందులో సవరణకీ వాటా ఉండాలి. 20 మార్కులైతే వ్యాసానికి 12, రఫ్‌కీ చివరిదానికీ మధ్య జరిగిన పనికి 5, 'ఏం మార్చాను, ఎందుకు' అన్న రెండు వాక్యాలకి 3. రఫ్‌ను చివరి ప్రతి వెనక పిన్ను చేసి ఇవ్వాలి. మార్పుల సంఖ్య లెక్కపెట్టి మార్కులిస్తే, దిద్దుకోవడానికి వీలుగా రఫ్‌లో కావాలని తప్పులు పెట్టే తెలివైనవాళ్ళు రెండో వారానికల్లా తయారవుతారు. సంఖ్యని వదిలేసి కారణాన్ని చూడండి. మార్చాక వ్యాసం చెడిపోయినా సరే, కారణం సరిగ్గా ఉంటే ఆ మార్కులు ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే తర్వాతిసారి పెద్ద మార్పు చేయడానికి ఎవరూ సాహసించరు.

తప్పులు దిద్దే పీరియడ్ చివరిది, చిన్నది. అక్కడా మీరు దిద్దకండి. తప్పున్న లైనుకి ఎదురుగా మార్జిన్‌లో ఒక ఇంటూ గుర్తు, రెండు తప్పులుంటే రెండు గుర్తులు. వెతుక్కోవడం వాళ్ళ పని. రిచర్డ్ హాస్‌వెల్ ఈ పద్ధతిని 1983లో వివరించారు. ఆయన కాలేజీ విద్యార్థులు అలా గుర్తు పెట్టిన తప్పుల్లో 60 శాతానికి పైగా తామే పట్టుకుని సరిచేసుకున్నారు. మీ పిల్లలకి అంత రాకపోవచ్చు, కానీ ఎవరూ దొరకపుచ్చుకోలేక మిగిలినవేవో చూస్తే వచ్చే వారం ఏం పాఠం చెప్పాలో మీకు తెలిసిపోతుంది. పొరపాటున దొర్లినవీ నియమం తెలియక చేసినవీ ఇలా వేరుపడతాయి. దీర్ఘాలు, ఒత్తులు, ల-ళ, న-ణ, శ-ష-స ఇలాంటి వాటికి చివరి వాక్యం నుంచి మొదటి వాక్యానికి వెనక్కి చదివించండి. కథ తెగిపోతే కళ్ళు అక్షరాల మీద నిలుస్తాయి.

వాక్యాల స్థాయిలో ప్రత్యేకంగా చూడాల్సినవి మూడున్నాయి. లేచి, వెళ్ళి, చూసి, తిని, వచ్చి అంటూ ముగింపు లేకుండా సాగే గొలుసులు. మూడు క్రియలు దాటితే ఒకచోట పూర్ణవిరామం పెట్టమనండి. కర్త మారినా గొలుసు ఆగకపోవడం రెండోది: 'సార్ పిలిచి నేను లోపలికి వెళ్ళాను' అని రాస్తారు, 'సార్ పిలిస్తే లోపలికి వెళ్ళాను' అనాలి. మూడోది, ఒకే పేరాలో 'వెళ్ళాం' పక్కనే 'చూచితిమి'. ఇది పైకి చదివితే చెవికే తగులుతుంది. ఇంకొకటి కూడా చెప్పాలి, సవరణ పేరుతో మామూలు మాటల్ని తీసి బరువైన మాటలు పెట్టే అలవాటు. 'చెట్టు' పోయి 'వృక్షరాజం' వస్తుంది. మెచ్చుకోకండి.

కొందరికి ఈ పద్ధతి ఉన్నదున్నట్టు సరిపోదు. ఐదు వాక్యాలు రాసి కూర్చునేవాళ్ళకి సవరించడానికి ఏమీ ఉండదు. వాళ్ళ దగ్గర కూర్చుని మూడు ప్రశ్నలు అడిగి, నోటితో చెప్పిన జవాబుల్ని ముక్కలుగా కాగితం మీద వేయించండి. వాళ్ళకి ఆ వారం అదే సవరణ. బాగా రాసేవాళ్ళు 'నాది బాగానే ఉంది టీచర్' అంటారు. నిజమే అయి ఉంటుంది. వాళ్ళ చేత ఇంకో మొదటి పేరా, పూర్తిగా వేరేది, రాయించి రెండింటిలో ఏది ఉంచుతారో ఎందుకో చెప్పమనండి. రాత వేగం లేని పిల్లలకి అసలు శత్రువు ఫెయిర్ కాపీ. అంతా మళ్ళీ రాయాలని తెలిస్తే వాళ్ళు మార్పే చేయరు. వాళ్ళకే కాదు, అందరికీ ఈ నియమం పెట్టండి: మారిన పేరా మాత్రమే కొత్త కాగితం మీద రాసి అతికించాలి. నాలుగు వ్యాసాలు అయ్యాక తమకు నచ్చిన ఒక్కదాన్ని మాత్రం ఫెయిర్ చేయాలి. కంప్యూటర్ మీద రాసే చోట ఈ శ్రమ తప్పుతుంది గానీ పాత ప్రతి మాయమైపోతుంది. సవరించే ముందు ఫైలుని వేరే పేరుతో దాచుకోమని చెప్పాలి.

పదిహేను అంశాల చెక్‌లిస్టు ఏదైనా ఎవరైనా ఇస్తే పక్కన పెట్టండి. పిల్లలు అన్నిటికీ టిక్కు పెట్టేసి ఇస్తారు. ఆ వారం నేర్పిన ఒక్క ప్రశ్నా, కిందటి వారాల్లో నేర్పినవీ బోర్డు మూలన రాసి ఉంచితే చాలు.

'పరీక్షలో ఇదంతా చేసే టైము ఎక్కడుంటుంది?' అని పిల్లలే అడుగుతారు. ఉండదు. చివరి ఐదు నిమిషాల్లో చేయగలిగేది ఒకటే, మొదటి పేరాలో అడిగిన ప్రశ్నకి సంబంధం లేని వాక్యాలు కొట్టేయడం. మిగిలింది పెదవి కదిపి ఒక్కసారి చదువుకోవడం. నెలల తరబడి సవరించిన పిల్లలు మొదటిసారి రాసేటప్పుడే కొన్ని తప్పించుకుంటారు, పరీక్షలో పనికొచ్చేది అదే.

ఇక పెద్దవాళ్ళ సంగతి. నోటుబుక్కు తిరగేసిన తల్లిదండ్రులకో, తనిఖీకి వచ్చినవాళ్ళకో టీచరు దిద్దని తప్పులు కనిపిస్తే ముందు మిమ్మల్నే అడుగుతారు. హెడ్మాస్టరుతో ముందే మాట్లాడి, ప్రతి పుస్తకం లోపలి అట్ట మీద ఒక చీటీ అతికించండి. ఇంత చాలు: "ఈ పుస్తకంలో కొట్టివేతలు, అతికింపులు ఉంటాయి, అవి విద్యార్థి చేసిన సవరణలు. మార్జిన్‌లో ఇంటూ గుర్తు ఉన్న లైనులో తప్పు ఉంది, దాన్ని వెతికి సరిచేసుకోవాల్సింది విద్యార్థి. రఫ్ ప్రతికి మార్కులు వేయరు. దయచేసి ఇంట్లో దిద్ది పంపకండి. చదివి, మీకు ఏం అర్థమైందో మీ పిల్లలకి చెప్పండి."